అల్లుడికి ఆయిలు లెక్క

అంబాజీపేట

చిరంజీవి అల్లుడికి మావయ్య ఆశీస్సులు.

డీజిలు థార్ కొన్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. సంతోషం. దసరా సెలవులకి నువ్వూ, జిమ్నీ ఉన్న నీ స్నేహితుడూ కలిసి మారేడుమిల్లి, చింతూరు, మోతుగూడెం, సీలేరు తిరిగొస్తారట. "ఫుల్ ట్యాంకు కొట్టిస్తే చాలదా?" అన్నావట. చాలదు. ముప్పై ఏళ్లు కొబ్బరికాయల లోడుతో లారీ నడిపినవాణ్ణి, మిగతా విషయాల్లో వినకపోయినా ఆయిలు దగ్గర, అదే బండి తాగే డీజిలు, పెట్రోలు దగ్గర నా మాట విను.

నీ బండి ట్యాంకు 57 లీటర్లు. కంపెనీ చెప్పిన మైలేజీతో దాన్ని గుణించి సంబరపడకు. మూతి దాకా నింపించి వంద కిలోమీటర్లు తిప్పు. మళ్లీ అదే బంకులో మూతి దాకా నింపు. ఎంత పట్టిందో అంతే తాగినట్టు. ఇలా రెండుసార్లు చెయ్యాలి. ఒకసారి హైవే మీద, ఒకసారి సామాను, మనుషులతో ఏటిగట్టు మీద, పుంతదారుల్లో. పైన క్యారియరు బిగించాక మూడోసారి కూడా చూడు, గాలి ఎంత తినేస్తుందో తెలుస్తుంది.

మాటవరసకి రోడ్డు మీద లీటరుకి 12 కిలోమీటర్లు వచ్చిందనుకో. ట్యాంకు అడుగున 10 లీటర్లు లేనట్టే అనుకుని మరిచిపో. మిగిలిన 47 లీటర్లకి 564 కిలోమీటర్లు. అదే రాళ్ల దారిలో, ఫోర్ వీల్ లో గేర్లో 6కి పడిపోతే 282. కుర్రాళ్లు ఇక్కడే పొరబడతారు. ఆ 282 వెళ్లడానికి కాదురా, వెళ్లి రావడానికి. వాగు పొంగో, చెట్టు పడో ముందు దారి మూసుకుపోతే వచ్చిన దారినే వెనక్కి తిరగాలి. అంటే నువ్వు నిబ్బరంగా లోపలికి పోగలిగేది 141 కిలోమీటర్లే. పైగా బురదలో ఇరుక్కుని గంటసేపు చక్రాలు తిప్పితే బండి ఒక్క అడుగు ముందుకి పోదు, ఆయిలు మాత్రం పోతుంది. రాత్రి ఏసీ వేసుకుని బండిలో పడుకున్నా అంతే.

కోనసీమలో పుట్టినవాడికి ఇది ఒకరు చెప్పాలా? సఖినేటిపల్లి రేవులో నిలబడితే గోదావరి అవతల నరసాపురం కళ్లెదురుగానే ఉంటుంది. బళ్లని ఏరు దాటించే పంటు ఆగిందంటే చించినాడ వంతెన మీదుగా చుట్టు తిరగాలి. ఓసారి ఈదురుగాలికి పంటు ఆపేశారు. నా లారీ ఆయిలు మీటరు ముల్లు అడుగుకి వచ్చేసింది. ఎదురుగా కనిపిస్తున్న ఊరికి పోవడానికి, ముందు మలికిపురం దాకా వెనక్కొచ్చి ఆయిలు కొట్టించాల్సి వచ్చింది. క్లీనరు కుర్రాడు దారంతా నవ్వుతూనే ఉన్నాడు.

అది నవ్వుకునే సంగతి. 1996 నవంబరు 6 రాత్రి నవ్వుకునేది కాదు. లారీలో పావు ట్యాంకే ఉంది, తెల్లారి కొట్టిద్దామనుకుని పడుకున్నాను. తుపాను వెలిసి తెల్లారేసరికి బంకు ఉంది, బంకు కింద ఆయిలూ ఉంది, పైకి తోడడానికి కరెంటు లేదు. రోడ్ల నిండా కొబ్బరిచెట్లు. చుట్టుపక్కలవాళ్లు సామాను తరలించాలని అడుగుతుంటే, లారీ ఉండి కూడా ఒక్క ట్రిప్పుతో ఆగిపోయాను. ఆ రోజు నుంచి ముల్లు సగానికి దిగితే నింపించడమే. మీరు వెళ్లే ఏజెన్సీ అడవుల్లోనూ అంతే. బంకు ఉన్నంత మాత్రాన స్టాకు ఉండాలని లేదు, స్టాకున్నా కరెంటు ఉండాలని లేదు. రంపచోడవరం దాటాక కనిపించిన ప్రతి బంకునూ ఆఖరిదే అనుకో.

వచ్చే ఏడు లేహ్ అంటున్నావు కదా, మనాలి అవతల తాండి బంకు దగ్గర "తర్వాతి బంకు 365 కిలోమీటర్లు" అని బోర్డు ఉండేది. మన అడవిలో అలా బోర్డు పెట్టి చెప్పేవాడుండడు.

ఇంకో సంగతి, జిమ్నీ ట్యాంకు 40 లీటర్లే. కలిసి వెళ్తున్నప్పుడు చిన్న ట్యాంకు లెక్కే ఇద్దరి లెక్క. అది పెట్రోలు, నీది డీజిలు. ఒకరి క్యాను ఇంకొకరికి అక్కరకు రాదు. క్యాన్ల మీద రంగుతో పెద్ద అక్షరాలు రాయించండి, చీకట్లో తారుమారైతే ఇంజను పని అయిపోయినట్టే. సొంతానికి 30 లీటర్ల దాకా పెట్రోలుకి లైసెన్సు అక్కర్లేదు, కానీ ఇనుప క్యాను 25 లీటర్లు మించకూడదు. బండిలో ఉంచి నింపకండి, నేల మీద పెట్టి నింపించండి. మూతి దాకా వద్దు, ఎండకి పొంగుతుంది. ఇరవై లీటర్ల డీజిలే పదహారు, పదిహేడు కిలోలు తూగుతుంది, కాబట్టి టాపు మీద కట్టొద్దు, ఘాట్ మలుపుల్లో బండి ఊగుతుంది. ట్యాంకులో చోటు ఖాళీ అవ్వగానే క్యాను ఒంపేసెయ్. ఆఖర్లో వాడదామని దాచుకుంటే, మూత కారిపోయిన సంగతి కూడా ఆఖర్లోనే తెలుస్తుంది.

డీజిలు బండిని పూర్తిగా ఎండబెట్టకు. పైపుల్లో ఎయిర్ పడితే మళ్లీ కొట్టించినా ఒక పట్టాన స్టార్ట్ కాదు. పంపు అరగకుండా తడిపే చమురు కూడా ఆ డీజిలే. వరద తీసిన కొత్తలో ఏటి పక్క బంకుల్లో నింపొద్దు, ఆయిల్లో నీళ్లు కలిస్తే ఇంజక్టర్లు పోతాయి. యానాంలో రేటు తక్కువని అటు పోయి నింపుకొస్తానంటావేమో, మీ దారి రావులపాలెం, రాజమండ్రి మీదుగా. ఆ చుట్టుకి మిగిలేదేమీ ఉండదు.

బయల్దేరే ముందు రోజు సాయంత్రం ఇంటికి రా. నా ఇరవై లీటర్ల క్యాను పాకలోనే ఉంది. మూతకి వాచరు అరిగిపోయింది, అమలాపురంలో కొత్తది కొని తీసుకురా, ఇద్దరం కలిసి బిగిద్దాం.

మీ మావయ్య