వీడియో గేమ్ రాస్తున్న తమ్ముడికి

సిరొంచ

తమ్ముడికి ఆశీస్సులు.

అంకీస నుంచి నువ్వు పంపిన కథ చదివాను. మహారాష్ట్రలోని మన గడ్చిరోలి జిల్లా పల్లె మీద ఒక వీడియో గేమ్ రావాలని, అది హింస వద్దని చెప్పాలని నువ్వు పడుతున్న తపన నాకు ఎంతో నచ్చింది. అందుకే మొహమాటం లేకుండా రాస్తున్నాను.

నీ కథలో ఆటగాడు ఊరి పొలిమేర నుంచి అడవి దాకా ఎదురుపడిన వాళ్లనల్లా కాలుస్తాడు. కాల్చిన ప్రతి మనిషికీ పాయింట్లు, ఆ పాయింట్లతో ఇంకా మంచి తుపాకీ. చివర్లో ఒక తల్లి కొడుకు శవం మీద పడి ఏడుస్తూ శాంతి గురించి మాట్లాడుతుంది. ఆ మాటలు బాగా రాశావు. కానీ అప్పటికి గంటసేపటి నుంచి కాల్చడంలోని హుషారునే నువ్వు అతనికి అలవాటు చేశావు. ఆమె నోరు తెరిచేసరికి అతను బటన్ నొక్కి తర్వాతి లెవెల్‌కి వెళ్లిపోతాడు.

ఉరుగ్వేకు చెందిన గొంజాలో ఫ్రాస్కా 2003లో తెచ్చిన ‘సెప్టెంబర్ 12’ అనే చిన్న ఆట చూడు. ఒక ఊరి సంత, జనం మధ్య అక్కడక్కడా ఉగ్రవాదులు. నీ దగ్గర ఉన్నది క్షిపణి ఒక్కటే. గురిపెట్టి నొక్కితే అది కాస్త ఆలస్యంగా వచ్చి పడుతుంది, ఈలోపు మనుషులు కదిలిపోతారు. ఇళ్లు కూలుతాయి, దారిన పోయేవాళ్లు చనిపోతారు. శవాల దగ్గరికి వచ్చి ఏడ్చినవాళ్లు అక్కడే ఉగ్రవాదులుగా మారతారు. కాల్చినకొద్దీ వాళ్ల సంఖ్య పెరుగుతుంది. గెలుపన్నదే లేదు. ఎవరూ ఏ ఉపన్యాసమూ ఇవ్వరు, అయినా నీ చెయ్యి తనంతట తానే ఆగిపోతుంది.

చాలామంది మెచ్చుకునే ‘స్పెక్ ఆప్స్: ది లైన్’ (2012) అనే యుద్ధపు ఆటతో నాకు పేచీ ఉంది. ఇసుకలో కూరుకుపోయిన దుబాయ్‌లో ఆటగాడి చేత మనుషుల్ని కాల్చేసే తెల్ల భాస్వరం గుండ్లు వేయిస్తారు. తెర మీద కనిపించినవి తెల్లటి చుక్కలే. తర్వాత ఆ దారిన నడిచి వెళితే కాలిపోయిన సామాన్య జనం, బిడ్డను పొదువుకున్న తల్లి. ఆ దృశ్యం భయంకరమైనదే, కాదనను. కానీ ఆ గుండ్లు వేయకుండా ఆట ముందుకు సాగదు. వేరే దారి మూసేసి, ఆ తర్వాత దోషివి నువ్వేననడం న్యాయం కాదు. నువ్వు మాత్రం ఆ పని చేయకు. ‘అండర్‌టేల్’ (2015)లో ఎవరినీ చంపకుండానే కథ పూర్తి చేయవచ్చు. చంపి, మనసు మారి, ముందు దాచుకున్న చోటు (సేవ్) నుంచి మళ్లీ మొదలుపెడితే, చేసిన పని తనకు తెలుసని ఆ ఆట మొహం మీదే అంటుంది.

నీకు అన్నిటికన్నా దగ్గరిది పోలండ్‌కు చెందిన 11 బిట్ స్టూడియోస్ 2014లో తెచ్చిన ‘దిస్ వార్ ఆఫ్ మైన్’. దాని వెనుక 1992 నుంచి 1996 దాకా సాగిన బోస్నియా రాజధాని సారాయెవో ముట్టడి ఉంది. ఇందులో నువ్వు సైనికుడివి కావు. శిథిలమైన ఇంట్లో ఒక వంటవాడు, ఒక ఫుట్‌బాల్ ఆటగాడు, ఒక విలేఖరి తలదాచుకుంటారు. పగలు పొయ్యి కట్టాలి, వాన నీరు పట్టుకోవాలి. రాత్రి బయటికి వెళ్లి తిండి, మందులు వెతకాలి. ఒక ఇంట్లో ముసలి దంపతులు మాత్రమే ఉంటారు. వాళ్ల తిండి, మందులు ఎత్తుకొస్తే ఆపేవారు లేరు. తెచ్చాక మాత్రం నీ మనుషులు కుంగిపోతారు. దీన్ని ఉన్నత పాఠశాల విద్యార్థులకు సిఫారసు చేసే జాబితాలో చేరుస్తామని 2020లో పోలండ్ ప్రభుత్వం ప్రకటించింది.

ఇప్పుడు మన ఊళ్లకు వద్దాం. రాత్రి నక్సలైట్ల దళం వచ్చి అన్నం పెట్టమనేది. తెల్లవారాక పోలీసులు వచ్చి ఎవరికి పెట్టారని అడిగేవారు. ఈ రెండింటి మధ్య మన పల్లెలు ఎన్నేళ్లు నలిగాయో మీ ఇంట్లో పెద్దవాళ్లను అడుగు. నీ ఆట అక్కడ మొదలుకావాలి. తుపాకీ పట్టినవాణ్ణి పక్కన పెట్టి, పొయ్యి ముందున్న ఆమెను ఆటగాడి చేతికివ్వు. కుండలో పిల్లలకు రెండు పూటలకు సరిపడా బియ్యమే ఉన్నాయి. తలుపు చప్పుడైంది. ఎన్ని బియ్యం పొయ్యాలో ఆటగాడే నిర్ణయించాలి. పోసినన్ని కుండలో తగ్గాలి, మర్నాడు పిల్లల కంచాల్లోనూ తగ్గాలి. వండనంటే ఏమవుతుందో కూడా రాయి, ఏ పక్షాన్నీ వెనకేసుకురాకుండా రాయి.

ఇంకొక సంగతి. ఆమెకు వచ్చింది తెలుగు. పొద్దున పోలీసులు వేసే ప్రశ్న మరాఠీ. “రాత్రీ కోణ్ ఆలం హోతం?” (రాత్రి ఎవరొచ్చారు?) అని తెర మీద మరాఠీలోనే ఉంచు, అర్థం కింద ఇవ్వకు. ఆటగాడికి సగమే తెలియాలి, గడువులోగా జవాబు ఎంచుకోవాలి. ఎంచుకున్న జవాబు వల్ల పక్కింటివాడిని జీపు ఎక్కించవచ్చు. అతను తిరిగి వస్తాడా రాడా అన్నది వెంటనే చెప్పకు. ఆ ఇంటి తలుపు మూసే ఉంచి, ఆటలో రోజులు గడవనివ్వు.

పాయింట్ల పట్టిక తీసేయి. తల్లి ఉపన్యాసం కూడా తీసేయి, బాగా రాసిందే అయినా సరే. ముందు ఆ పొద్దుటి ప్రశ్నల భాగం ఒక్కటే రాసి పంపు. మరాఠీ మాత్రం బడి పుస్తకాల్లోది వద్దు, ఠాణాలో విన్నట్టే ఉండాలి.

ఇట్లు
నీ మేలు కోరే అన్న