క్రైస్తవ నమ్మకాలు కాలంతో మారతాయా? వేరే మతాల పట్ల సహనం ఉంటుందా?

మారతాయి, కాకపోతే "మారాం" అని చర్చి ఒప్పుకోవడం అరుదు, "ఇప్పుడు ఇంకా బాగా అర్థమైంది" అంటుంది. కేథలిక్కుల సంగతే చూడండి. 1442లో ఫ్లోరెన్స్ సభ, చర్చి బయట ఉన్నవాళ్లకి రక్షణ (మోక్షం) లేదని తేల్చేసింది; అదే చర్చి 1965లో, రెండో వాటికన్ సభలో, ఇతర మతాల్లో ఉన్న సత్యాన్ని, పవిత్రతను తోసిపుచ్చేది లేదని రాసుకుంది, హిందూమతం పేరెత్తి మరీ. బైబిల్ మాత్రం అదే!

మా బొబ్బిలి, విజయనగరం వైపు పనిచేసింది కెనడా బాప్టిస్టు మిషన్. బాప్టిస్టులనే ఈ ప్రొటెస్టెంటు శాఖలో సహనం మాట పాతదే. ముస్లింలైనా యూదులైనా వాళ్ల నమ్మకంలో రాజు వేలు పెట్టకూడదని 1612లోనే ఇంగ్లండ్ బాప్టిస్టు థామస్ హెల్విస్ రాశాడు, ఆ పాపానికి జైలుకెళ్లి అక్కడే పోయాడు.

ఇక ప్రసాదం గొడవ. మా పక్కింటి పిన్నివాళ్లు క్రైస్తవులే; పిన్ని పైడితల్లమ్మ సిరిమాను ఉత్సవం చూడ్డానికి మాతోనే వస్తుంది, ప్రసాదం మాత్రం ముట్టదు, బాబాయి శుభ్రంగా తింటాడు. విగ్రహాలకు పెట్టింది తినొచ్చా అనే ప్రశ్న బైబిల్లో, తొలినాటి క్రైస్తవ బోధకుడు పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలోనే (ఉత్తరంలోనే) ఉంది: విగ్రహం ఒట్టిదే కాబట్టి తిన్నా పర్లేదు గానీ బలహీనుడైన సోదరుడికి ఇబ్బందైతే మానెయ్యమంటాడు, రెండు అధ్యాయాలు దాటాక మళ్లీ కాస్త బిగిస్తాడు. అందుకే పిన్నీ బాబాయీ ఇద్దరూ పౌలునే చూపిస్తారు.