యాంటీ టీపీఓ 612 వచ్చింది, పిల్లలకు ఇబ్బందా?

ప్రశ్న: నాకు 29 ఏళ్లు. జుట్టు బాగా రాలుతుంటే బయోటిన్ మాత్రలు వాడుతున్నాను. ఈమధ్య ల్యాబ్‌లో ప్యాకేజీ టెస్టులు చేయించుకుంటే థైరాయిడ్ పరీక్షల్లో టీఎస్‌హెచ్‌ 3.4, ఫ్రీ టీ4 (థైరాయిడ్ హార్మోన్) నార్మల్, యాంటీ టీపీఓ మాత్రం 612 వచ్చింది. 35 లోపు ఉండాలట. ఇంట్లో క్యాబేజీ, అయొడైజ్డ్ ఉప్పు మాన్పించారు. ఈ 612 తగ్గడానికి మందుందా? పిల్లల కోసం చూస్తున్నాం. భయంగా ఉంది.
– ఓ సోదరి, ఖమ్మం

జవాబు: అమ్మా, ముందు ఆ బయోటిన్ సంగతి చూద్దాం. జుట్టు కోసం అమ్మే మాత్రల్లో అది 5, 10 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది. చాలా ల్యాబ్ మెషీన్లు పరీక్షలో బయోటిన్‌నే వాడతాయి కాబట్టి, రక్తంలో అది ఎక్కువైతే లెక్క తప్పుతుంది. టీఎస్‌హెచ్‌ (థైరాయిడ్ గ్రంథిని పనిచేయించే హార్మోన్, గ్రంథి మందగిస్తే ఇది పెరుగుతుంది) ఉన్నదానికన్నా తక్కువగా, యాంటీ టీపీఓ అనే యాంటీబాడీలు ఎక్కువగా కనిపించవచ్చు. అందుకే నాకు 612 కన్నా మీ 3.4 మీదే అనుమానం. అసలు అంకె అంతకన్నా పైనే ఉండొచ్చు. కనీసం రెండు రోజులు, డోసు ఎక్కువైతే ఇంకొన్నాళ్లు మాత్రలు ఆపి, మూడు పరీక్షలూ మళ్లీ చేయించండి.

అప్పుడూ యాంటీబాడీలు ఎక్కువే ఉంటే, ఒంటిని కాపాడాల్సిన రక్షణ వ్యవస్థ థైరాయిడ్ గ్రంథినే దెబ్బతీస్తోందన్నమాట. 1912లో జపాన్ డాక్టర్ హకారు హషిమొటో వివరించిన జబ్బు ఇదే. కానీ యాంటీబాడీలు ఉండి కూడా గ్రంథి చక్కగా పనిచేసేవాళ్లు చాలామందే. ఇంగ్లండ్‌లోని విక్‌హామ్‌లో 20 ఏళ్లపాటు గమనిస్తే, యాంటీబాడీలు మాత్రమే ఉన్న ఆడవాళ్లలో ఏడాదికి నూటికి ఇద్దరికే హైపోథైరాయిడ్ (గ్రంథి మందగించడం) వచ్చింది. టీఎస్‌హెచ్‌ కూడా పెరిగి ఉన్నవాళ్లలో నలుగురికి పైగా వచ్చింది. మందు అవసరమా కాదా అన్నది టీఎస్‌హెచ్‌ను బట్టే చూస్తాం. 612ను 300కి దించడానికి మందు ఇవ్వం. మళ్లీ మళ్లీ ఆ పరీక్షకు డబ్బు పోయకండి తల్లీ.

పిల్లల విషయం. యాంటీబాడీలున్నవాళ్లలో గర్భస్రావం ముప్పు కాస్త ఎక్కువే, అయినా చాలామంది పండంటి బిడ్డల్ని కంటున్నారు. టీఎస్‌హెచ్‌ 2.5 దాటితే, గర్భం కోసం చూస్తున్నవాళ్లకు కొద్ది డోసులో థైరాక్సిన్ (థైరాయిడ్ హార్మోన్ మాత్ర) ఇవ్వాలా అని డాక్టర్లు ఆలోచిస్తారు. రెండో రిపోర్టు పట్టుకుని ఎండోక్రైనాలజిస్టునో (హార్మోన్ల డాక్టరు), మీ గైనకాలజిస్టునో కలవండి. నెల తప్పగానే టీఎస్‌హెచ్‌ చేయించండి. అక్కణ్నుంచి ఐదో నెల దాకా నాలుగు వారాలకోసారి చూడాలి. కాన్పయ్యాక కూడా ఏడాది లోపు థైరాయిడ్ తేడా చేయొచ్చు. ఆ నీరసాన్ని 'బాలింత కదా' అని వదిలేయొద్దు.

ఉప్పు మాత్రం ఈ పూట నుంచే మళ్లీ అయొడైజ్డ్‌దే వాడండి. కడుపులో బిడ్డ మెదడు ఎదగడానికి అయొడిన్ కావాలి. క్యాబేజీ వండుకుని హాయిగా తినండి.