వాన చెరిపేసిన ముగ్గు గురించి

గంటసేపు కూర్చుని వేసిన ముగ్గు పది నిమిషాల వానకు పోయిందని, ఇక వేయబుద్ధి కావడం లేదని రాశారు. ఆ బాధ నాకు తెలుసండీ. నేను కొన్న ముగ్గుపిండి, రంగులు పక్కన పెట్టి బియ్యప్పిండితో వేయడం మొదలుపెట్టాను. పొద్దెక్కేసరికి చీమలు వరుస కట్టి మోసుకుపోతాయి. అప్పటి నుంచి ముగ్గు చెరిగితే దిగులు లేదు, వాటి కడుపు నిండిందనిపిస్తుంది. బతుకమ్మనే చూడండి: తంగేడు, గునుగు, బంతి ఏరి తెచ్చి, ఓపిగ్గా పేర్చి, చుట్టూ ఆడి పాడి, చివరికి చెరువులో వదిలేస్తారు. మీరు ఒక వారం ఫోటో తీయకుండా వేసి చూడండి. ఏడు చుక్కల చిన్న ముగ్గు చాలు. వేళ్ల మధ్య నుంచి పిండి జారుతుంటే దాని మీదే మనసు పెట్టండి. మబ్బు పట్టినా మానకండి.