ఇంజిన్ ఆపాక వచ్చే చప్పుళ్లు

ప్రశ్న: మాది బీఎస్6 డీజిల్ కారు. పిల్లల్ని బడిలో దింపి వచ్చి సెల్లార్‌లో పెట్టగానే కింద టిక్ టిక్‌మంటుంది. అప్పుడప్పుడు ఫ్యాన్ కూడా ఐదు నిమిషాలు హోరుమని తిరుగుతోంది, కాలిన వాసన వస్తోంది. ఆటోనగర్‌లో చూపిస్తే ఏం లేదన్నారు. నమ్మొచ్చా?
- ఒక పాఠకురాలు, పటమట, విజయవాడ

జవాబు: టిక్ టిక్ గురించి బెంగ వద్దమ్మా. వేడికి సాగిన సైలెన్సర్ గొట్టం చల్లారుతూ ముడుచుకుంటోంది. మీటరు పొడవున్న ఉక్కు గొట్టం 100 డిగ్రీలు వేడెక్కితే సుమారు 1.2 మిల్లీమీటర్లు సాగుతుంది. తిరిగి ముడుచుకునేటప్పుడు క్లాంపుల దగ్గర, హీట్ షీల్డు బోల్టుల దగ్గర పట్టి పట్టి జారుతుంది. ఒక్కో జారుడుకి ఒక్కో టిక్కు. మొదట గబగబా, తర్వాత ఆగి ఆగి వినిపించి అరగంటలో సద్దుమణుగుతుంది.

ఫ్యాన్ సంగతి మాత్రం పట్టించుకోవాలి. డీజిల్ పొగలోని మసిని డీపీఎఫ్ అనే ఫిల్టర్ పట్టుకుంటుంది. అది నిండేసరికి ఇంజిన్ కాస్త డీజిల్ ఎక్కువ వాడి, ఫిల్టర్‌ని 600 డిగ్రీల దాకా వేడెక్కించి మసిని కాల్చేస్తుంది. ఆ పని సగంలో ఉండగా మీరు బండి ఆపేస్తున్నారు. హోరు, వాసన అందుకే. ఎప్పుడో ఒకసారైతే ఫర్వాలేదు. రోజూ రెండు మూడు కిలోమీటర్ల బడి ప్రయాణమే అయితే మసి పూర్తిగా కాలదు, కాలని డీజిల్ ఇంజిన్ ఆయిల్లోకి దిగుతుంది. ఆయిల్ మట్టం చూసే పుల్ల, అదే డిప్‌స్టిక్, తీసి చూడండి. ఆయిల్ పై గీత దాటి, డీజిల్ వాసన కొడుతుంటే వెంటనే మార్పించండి. వారానికోసారి గుంటూరు హైవే మీద 60 దాటిన వేగంతో, ఆపకుండా 20 నిమిషాలు నడపండి. ఆ వాసన వచ్చిన రోజు బండిని ఎండుటాకుల మీద, గడ్డి మీద మాత్రం ఆపకండి.

ఫ్యాన్ పొద్దున చల్లటి ఇంజిన్ మీద కూడా తిరుగుతుంటే అది వేరే జబ్బు. చాలామటుకు ఫ్యాన్‌కి కరెంటు ఇచ్చి ఆపే స్విచ్చు, అంటే రిలే, దాని పాయింట్లు అతుక్కుపోయి ఉంటాయి. 15 ఆంపియర్లు లాగే ఫ్యాన్ 60 ఏహెచ్ (ఆంపియర్-అవర్) బ్యాటరీని నాలుగు గంటల్లో ఖాళీ చేస్తుంది.

ప్రశ్న: ఎనిమిదేళ్ల పెట్రోలు కారు. ఎండలో తిరిగొచ్చి ఆపితే బానెట్ కింద గుడగుడమని నీళ్లు మరిగినట్టు వినిపిస్తోంది. టెంపరేచర్ ముల్లు మామూలుగానే ఉంది.
- ఒక పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: ముల్లుని నమ్మి ఊరుకోకండి, ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం, అదే కూలెంట్, నిజంగానే మరుగుతూ ఉండొచ్చు. ఇంజిన్ ఆగితే పంపూ ఆగుతుంది. ఇంజిన్ పై భాగం, అంటే హెడ్‌లోని వేడంతా కదలని కూలెంట్‌కి ఎక్కుతుంది. రేడియేటర్ మూత ఒత్తిడిని పట్టి ఉంచితేనే అది మరగకుండా ఉంటుంది. మూత రబ్బరు పాడైతే ఆ ఒత్తిడి నిలవదు.

పొద్దున్నే, ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడే మూత తీయండి. వేడి మీద తీస్తే మరిగే నీళ్లు మొహం మీదకి చిమ్ముతాయి. పక్కనున్న కూలెంట్ బాటిల్ నిండుగా ఉండి రేడియేటర్‌లో మట్టం తగ్గిందా? పై హోస్ నొక్కినట్టు చప్పిడిగా ఉందా? అయితే మూతలోని చిన్న వాల్వు పనిచేయక, చల్లారాక కూలెంట్ వెనక్కి రావడం లేదు. పాత మూత మీద అది ఆపే ఒత్తిడి 0.9 అనో 1.1 అనో ఉంటుంది. అదే అంకె ఉన్నది కొనండి. ఎక్కువ అంకెది బిగిస్తే పాత హోస్‌లు పగులుతాయి.

బోరు నీళ్లు పోశారేమో గుర్తు చేసుకోండి. ఆ ఉప్పు రేడియేటర్ సన్నగొట్టాల్లో పేరుకుంటుంది. పోసి ఉంటే మొత్తం దించేసి, ఫ్లష్ చేయించి, కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం కలిపి పోయించండి. ముందు చక్రాలు కాస్త ఎత్తున పెట్టి, హీటర్ పూర్తిగా తిప్పి, ఫ్యాన్ రెండుసార్లు తిరిగి ఆగేదాకా ఇంజిన్ నడిపితే లోపలి గాలి పోతుంది. ఇంత చేశాక కూడా గాలి బుడగలు ఆగకుండా వస్తూ, ఆయిల్ మూత కింద మీగడలాంటి తెల్లటి జిడ్డు కనిపిస్తే హెడ్ కింద ఉండే సీలు, అంటే హెడ్ గాస్కెట్, పోయిందని అనుమానించాలి. అప్పుడు బండి నడపకండి, లాగించుకెళ్లండి.

ప్రశ్న: ఏసీ వేసుకుని వచ్చి ఆపాక డాష్‌బోర్డు లోపల స్స్‌మంటోంది. గ్యాస్ లీకా?
- ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: కాదు. ఎక్కువ ఒత్తిడి వైపున్న గ్యాస్ తక్కువ వైపుకి సర్దుకుంటోంది. ఒకటి రెండు నిమిషాల్లో ఆగిపోతుంది. లీకైతే చల్లదనం తగ్గుతుంది, పైపుల జాయింట్ల దగ్గర నూనె జిడ్డు మీద దుమ్ము పట్టి నల్లగా కనిపిస్తుంది.