ఆ పచ్చ నీళ్లకి మూడొందలా?

ప్రశ్న: నాకు 27 ఏళ్లు. మాది విజయనగరం. ఉద్యోగం విశాఖలో, రోజూ రైల్లోనే వెళ్లొస్తాను. చేతికి 34,000 వస్తుంది. అందులో 10,000 అమ్మకిస్తాను. స్కూటీ కిస్తీ, సీజన్ టికెట్, ఫోన్, బట్టలు, తిండి పోగా 25వ తేదీకి ఖాతా ఖాళీ. క్రెడిట్ కార్డు మీద 18,000 బాకీ ఉంది. నెలనెలా మినిమం కట్టుకుంటూ వస్తున్నాను. నాకు మాచా అనే జపాన్ పచ్చ టీ, బబుల్ టీ, రామెన్ అనే నూడుల్స్ పులుసు అంటే ప్రాణం. మా అమ్మకి అవంటే ఒళ్లు మంట. "ఏటే, ఆ పచ్చ నీళ్లకి మూడొందలా! గడ్డి ఉడకబెట్టినా అదే రంగు వస్తాది" అంటుంది. రాత్రి ఇల్లు చేరేసరికి తొమ్మిదవుతుంది. అమ్మకి మోకాళ్ల నొప్పులు, అప్పటికే పడుకుంటుంది. లేపి వండమనలేక ఫోన్లో ఆర్డర్ పెట్టుకుంటాను. గత నెల యూపీఐ, కార్డు స్టేట్‌మెంట్లు రెండూ పంపుతున్నాను. ఈ టీలు మానేస్తే తప్ప నా దగ్గర డబ్బు నిలవదా?

జవాబు: స్టేట్‌మెంట్ పంపి మంచి పని చేశారమ్మా. చాలామంది "తిండికి కొంచెం ఎక్కువే అవుతోందండీ" అని ఊరుకుంటారు. ఆ కొంచెం ఎంతో వాళ్లకీ తెలియదు, నాకూ తెలియదు. మీది పెన్సిల్ పట్టుకుని వరసగా కూడాను. తిండికి మొత్తం 9,640. మాచా, బబుల్ టీ కలిపి ఆరుసార్లు, 1,710. రామెన్ రెండుసార్లు, 1,480. స్టేషన్ దగ్గర, ఆఫీసు దగ్గర టీ, సమోసా, మధ్యాహ్నం టిఫిన్ కలిపి 2,110. రాత్రి తొమ్మిది తర్వాత ఫోన్లో పెట్టిన ఆర్డర్లు 14, వాటికి 4,340.

ఇంట్లో గొడవంతా మాచా మీద జరుగుతోంది. డబ్బు పోతున్నది మాత్రం రాత్రి తెప్పించుకునే బిర్యానీ పొట్లాల మీద. నూటికి 45 వంతులు అక్కడే. పైగా మాచా తాగినప్పుడు మీకు సంతోషమైనా దక్కింది. ఆ 14 ఆర్డర్లలో ఎన్ని ఇష్టపడి తిన్నారో ఒకసారి గుర్తు చేసుకోండి. రైలు దిగి నీరసంగా ఇల్లు చేరి, ఆకలి మీద వేలికి దొరికింది నొక్కడమే కదా. ఒక్కో ఆర్డరుకు సగటున 310 పడింది. ఆ 310లో వంటకం ధర ఎంత, ప్యాకింగ్ ఎంత, డెలివరీ ఎంత, ప్లాట్‌ఫాం ఫీజు ఎంత అన్నది బిల్లు కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది. అదే ప్లేటు హోటల్‌కి వెళ్లి తింటే చాలాచోట్ల మెనూ ధరే తక్కువ.

దీనికి మందు మన వీధిలోనే ఉంది. కర్రీ పాయింట్. మన ఊళ్లో స్టేషన్ నుంచి ఏ పేటకి వెళ్లినా దారిలో ఒకటైనా తగులుతుంది. రైల్లో ఉండగానే అమ్మకి ఫోన్ చేసి కుక్కర్ స్విచ్ వేయమనండి. అంతవరకు మోకాళ్లు అడ్డు రావు. దిగాక ఒక కూర, కాస్త పప్పో సాంబారో కట్టించుకుని వెళ్లండి. ఇంట్లో పెరుగు, ఆవకాయ ఎలాగూ ఉంటాయి. పూటకు 50 రూపాయల లెక్కన 14 రాత్రులకు 700. రైలు ఆలస్యమై కర్రీ పాయింట్ కట్టేసిన రోజు టిఫిన్ బండి దగ్గర నాలుగిడ్లీలో, ఒక దోశో తిన్నా లెక్క పెద్దగా మారదు. మిగిలేది 3,600 పైచిలుకు. ఒక్క టీ కూడా మానకుండానే.

అన్న క్యాంటీన్లు 2024 ఆగస్టులో మళ్లీ తెరిచాక, 5 రూపాయలకే భోజనం ఉందిగా, అక్కడ తింటే ఇంకా మిగులుతుంది కదా అని నన్ను అడిగేవాళ్లున్నారు. నిజమే, మిగులుతుంది. కానీ అది రోజు కూలీలు, ఆసుపత్రికొచ్చిన పల్లెటూరివాళ్ల ఆకలి తీర్చడానికి పెట్టింది. 34,000 జీతం ఉన్నవాళ్లు కార్డు బాకీ తీర్చుకోవడానికి ఆ వరసలో నిలబడాలని నేను చెప్పను.

ఇక కార్డు సంగతి. మీ ఉత్తరంలో ఒక్క వాక్యంలో దాటేశారు గాని, నా కళ్లు అక్కడే ఆగిపోయాయి. 18,000 మీద నెలకు 3.5 శాతం వడ్డీ అంటే 630. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, 113. మొత్తం నెలకు 743. మీరు తాగే మాచా, బబుల్ టీల సగటు ధర 285. అంటే నెలకు రెండున్నర కప్పులు మీ కార్డే తాగేస్తోంది. మీ అమ్మగారికి ఈ లెక్క చెబితే గడ్డి మీద కోపం బ్యాంకు మీదికి మళ్లుతుంది.

ఇంకొకటుంది. పాత బాకీ పూర్తిగా తీర్చకుండా మినిమం కడుతున్నంత కాలం కొత్త కొనుగోళ్లకు వడ్డీలేని గడువు దొరకదు. బాకీ లేనివాడు కార్డుతో మాచా కొంటే గడువు తేదీ దాకా పైసా వడ్డీ పడదు. మీరు కొంటే గీకిన రోజు నుంచే వడ్డీ మొదలు. గత నెల ఆరు కప్పుల్లో నాలుగు కార్డుతోనే కొన్నారు. కార్డును బీరువాలో చీరల కింద పెట్టేయండి. ఫోన్ యాపుల్లో దాచిన కార్డు నంబరు కూడా చెరిపేయండి. అది చెరపకుండా కార్డు ఒక్కటే దాస్తే ఏం ప్రయోజనం?

ఇప్పుడు మినిమంగా కడుతున్న 900కి ఈ 3,600 కలపండి. నెలకు 4,500. వడ్డీ, జీఎస్టీ కలుపుకునే లెక్క వేశాను. మొదటి నెలాఖరుకి బాకీ 14,243, రెండో నెలకి 10,331, మూడో నెలకి 6,258, నాలుగో నెలకి 2,016. అయిదో నెల సుమారు 2,100 పారేస్తే కార్డు శుభ్రం. మధ్యలో కొత్తగా గీకకూడదు, అంతే.

ఇప్పుడు మీకు ప్రాణమైన విషయానికొస్తాను. నాకూ ఇష్టమే. ఉద్యోగరీత్యా లెక్కలు చూసేవాడు టీల గురించి ఇంత మాట్లాడతాడేమిటని అనుకోకండి.

గ్రీన్ టీ, ఊలాంగ్, జాస్మిన్, మాచా, గంటస్తంభం దగ్గర నిలబడి నేను తాగే పాల టీ, అన్నీ ఒకే మొక్క ఆకులు. తేడా అంతా కోశాక చేసే పనిలోనూ, మాచాకైతే కోతకు ముందు కప్పే నీడలోనూ ఉంది. కోతకు కొన్ని వారాల ముందు తోట మీద నీడ కప్పుతారు. ఆకు ముదురు పచ్చగా మారుతుంది, కమ్మదనం పెరుగుతుంది. దాన్ని ఆవిరి పట్టి, ఆరబెట్టి, తిరగలిలో పొడి చేస్తారు. జపాన్‌లో క్యోటో పక్కన ఉజి అనే ఊరు దీనికి పేరు. కాబట్టి అమ్మగారి గడ్డి సిద్ధాంతం పూర్తిగా నిలవదు. కానీ ఆమె అడిగిన ధర ప్రశ్నలో న్యాయముంది. గిన్నెకు పట్టే పొడి 2 గ్రాములు. 30 గ్రాముల డబ్బా 15 గిన్నెలకు వస్తుంది. డబ్బా 1,200 పెట్టి కొన్నారనుకోండి, గిన్నెకు 80. పాలు, చక్కెర కలిపినా వంద దాటదు. మిగతా 185 మీరు ఏసీకి, సముద్రం కనిపించే కుర్చీకి, ఫొటోకి ఇస్తున్నారు. అదీ తప్పు కాదు. కుర్చీ కావాల్సిన రోజు కుర్చీకి డబ్బివ్వాలి. టీ మాత్రమే కావాల్సిన రోజు కుర్చీకి ఎందుకివ్వడం?

కొనేటప్పుడు ఒక మాట. పాలు కలిపి తాగేవాళ్లకు ఖరీదైన రకం దండగ. వంటకు వాడే రకం చాలు. డబ్బా తెరిచాక గాలి చొరకుండా మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి. ఒకటి రెండు నెలల్లో వాడేయకపోతే రంగు, వాసన రెండూ దిగిపోతాయి. చౌకగా వస్తోందని వంద గ్రాములు కొని సగం పారబోసుకోవద్దు. మరిగే నీళ్లు పోస్తే చేదెక్కుతుంది, కాస్త చల్లారనివ్వాలి. గిలక్కొట్టడానికి చిన్న బ్యాటరీ గిలక దొరుకుతుంది. మజ్జిగ కవ్వం మాత్రం పనికిరాదు. నేను ప్రయత్నించాను. వంటగట్టు, నా చొక్కా రెండూ పచ్చబడ్డాయి.

లెక్క ప్రకారం చూస్తే అన్నింటికన్నా లాభం ఊలాంగ్. గ్రాము ధర ఎక్కువనిపిస్తుంది గాని, అదే ఆకు మీద మూడు నాలుగుసార్లు వేడినీళ్లు పోసుకోవచ్చు. రెండోసారి దిగిన టీ మొదటిదానికన్నా బాగుంటుందని నా అభిప్రాయం. ఆదివారం మధ్యాహ్నం ఒక చెంచా ఆకుతో సాయంత్రం దాకా గడిచిపోతుంది.

బబుల్ టీ తైవాన్‌లో 1980ల్లో పుట్టింది. అందులోని నల్ల ముత్యాలు కర్రపెండలం పిండివి. మన సగ్గుబియ్యం కూడా ఆ దుంప పిండే. ఇంటి దగ్గర ఇలా చేయొచ్చు: పెద్దరకం సగ్గుబియ్యం నానబెట్టి ఉడికించి, అనకాపల్లి బెల్లం పాకంలో వేసి, చిక్కటి డికాక్షన్, చల్లటి పాలు పోయడం. గ్లాసుకు 30, 35 రూపాయల్లో తేలిపోతుంది. అయితే మీరు తాగే కేఫ్‌లో ముత్యం పంటికింద సాగే తీరు దీంట్లో రాదు. పాయసానికి దగ్గరగా ఉంటుంది. రెండూ ఒకటేనని నమ్మించి మిమ్మల్ని మోసం చేయను. సాగేది కావాలంటే నెలకోసారి బయటే తాగండి.

రామెన్ ఇంట్లో చేయమని చెప్పను. ఆ పులుసు గంటల తరబడి కాగాలి, గ్యాస్ ఖర్చే తడిసి మోపెడవుతుంది. నెలకు రెండు కాకుండా ఒకటి చేసుకోండి. బిల్లులో 5 శాతం జీఎస్టీ తప్పదు. సర్వీస్ ఛార్జి అని వేరే గీత ఉంటే మాత్రం తీసేయమని అడగండి. అది ఇష్టమైతేనే ఇచ్చేదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022లోనే చెప్పింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు కూడా ఆ మాటనే నిలబెట్టింది. మొహమాటం వద్దు. మీ స్టేట్‌మెంట్‌లో ఒక చైనా జావ కూడా కనిపించింది, కాంజీ అని. ఆ ఒక్కటీ బయట కొనకండమ్మా. గంజి అన్న మన దక్షిణాది మాటే ఇంగ్లీషులోకి వెళ్లి, అక్కడి నుంచి కేఫ్ మెనూ ఎక్కి తిరిగొచ్చింది. బియ్యం మెత్తగా జావ కాచి, సన్నగా తరిగిన అల్లం, ఉల్లికాడలు, ఉడికించిన గుడ్డు వేసుకుంటే జలుబు చేసిన రాత్రికి దాన్ని మించింది లేదు. అమ్మగారికీ పనికొస్తుంది.

ఇక చేతికి కళ్లెం వేయడం. యూపీఐ లైట్ అని మీ ఫోన్లోనే ఉంటుంది. పిన్ అక్కర్లేకుండా చిన్న మొత్తాలు చెల్లించే సంచి లాంటిది. ప్రతి ఆదివారం అందులో 600 వేయండి. బయటి టీలు, నెలకొక రామెన్ ఆ సంచిలోంచే. నెలకు 2,400. ఇప్పటి 3,190 మీద 790 తక్కువ. మాచా డబ్బా, ఊలాంగ్ పొట్లం ఆ 790లోంచి కొనుక్కోండి. ఒక జాగ్రత్త: ఖాళీ అవగానే దానంతటదే నింపుకునే ఆటో టాప్-అప్ ఉంటుంది, దాన్ని ఆపేయండి. లేకపోతే సంచికి అడుగు ఉండదు. స్టేషన్ టీ, సమోసాల 2,110 జోలికి నేను వెళ్లను. రోజూ రెండు పూటలా రైలెక్కే మనిషికి ఆ మాత్రం ఉండాలి.

కార్డు బాకీ తీరాక, ఆరో నెల నుంచి 4,500 మీ చేతిలో ఉంటుంది. అందులో 2,000 పోస్టాఫీసులో నెలనెలా అయిదేళ్ల ఆర్డీ (రికరింగ్ డిపాజిట్) కట్టండి. ప్రస్తుతం 6.7 శాతం ఇస్తున్నారు. 1,20,000 కడితే సుమారు 1,42,700 వస్తుంది. మరో 2,000 వేరే పొదుపు ఖాతాలో ఊరికే పడి ఉండనివ్వండి. అమ్మ మోకాళ్లు ఎప్పుడు ఏ పరీక్ష అడుగుతాయో తెలియదు కదా. అది 60,000 అయ్యేదాకా మ్యూచువల్ ఫండ్ సిప్‌ల గురించి నన్ను అడగకండి.

మిగిలిన 500 ఎందుకంటారా? ఆసియా రుచులంటే ఇంత ప్రాణం పెట్టే మనిషి విశాఖ కేఫ్‌ల దగ్గరే ఆగిపోవడం నాకు నచ్చలేదు. పర్లాకిమిడి దాటి వెళ్తే ఒడిశా గజపతి జిల్లాలో చంద్రగిరి ఉంది. 1960ల నుంచి టిబెట్ శరణార్థులు అక్కడ స్థిరపడ్డారు. జిరంగలో పెద్ద బౌద్ధ మఠం కట్టుకున్నారు. మోమో, తుక్పా అనే నూడుల్స్ పులుసు వాళ్ల ఇంటి వంట. ఉప్పు, వెన్న వేసి గిలకొట్టిన టీ వాళ్ల పాత అలవాటు. అది మీకు నచ్చకపోవచ్చు కూడా. మొదటిసారి తాగితే టీ అనిపించదు, పలచటి చారులా ఉంటుంది. నెలకు 500 పక్కన పెడితే ఏడాదికి 6,000. స్నేహితురాలితో కలిసి రెండు రోజులు వెళ్లి రావచ్చు.

ఇంట్లో టీ మొదలుపెట్టినప్పుడు అమ్మగారికి తొలిసారే మాచా ఇవ్వకండి. జాస్మిన్ టీ పెట్టండి. చైనాలో ఆకుల మధ్య నిజం మల్లెపూలు పరిచి, రాత్రంతా వాసన పట్టిస్తారు. మల్లెపూల సంగతి ఆమెకు మీరు చెప్పక్కర్లేదు. కప్పు ఎంత పడిందని ఎలాగూ అడుగుతారు. ఎనిమిది రూపాయలు అనండి, ఇంట్లో కాస్తే అంతే అవుతుంది.