బ్లాక్ ప్రిన్స్ ఇంగ్లండ్‌కు రాజు ఎందుకు కాలేదు?

బ్లాక్ ప్రిన్స్‌గా పేరుపడ్డ యువరాజు ఎడ్వర్డ్ రాజు కాకపోవడానికి కారణం, తండ్రి మూడవ ఎడ్వర్డ్ కంటే ఏడాది ముందే, 1376 జూన్ 8న, 45 ఏళ్ల వయసులో ఆయన మరణించడమే. 1367లో స్పెయిన్‌లోని నాహెరా యుద్ధం గెలిచాడు గానీ, ఆ దండయాత్ర తరువాత ఆరోగ్యం కోలుకోలేనంతగా చెడిపోవడంతో, 1370లో ఫ్రాన్స్‌లోని లిమోజ్ పట్టణ ముట్టడికి గుర్రమెక్కి కాక డోలీలో వెళ్లవలసి వచ్చింది. పెద్ద కొడుకు వారసులకే సింహాసనంపై మొదటి హక్కు కనుక, 1377లో తాత పోయాక, బాబాయిలు బతికే ఉన్నా, పదేళ్ల మనుమడు, అంటే బ్లాక్ ప్రిన్స్ కొడుకు రెండవ రిచర్డ్‌కు పట్టం కట్టారు.

కిరీటం దక్కకపోయినా ఆయన కీర్తి నిలిచింది యుద్ధాల వల్లనే. ఉదాహరణకు, 1356లో పొయిటియర్స్ వద్ద తనకంటే పెద్ద సైన్యాన్ని ఓడించి, ఫ్రాన్స్ రాజు రెండవ జాన్‌నే బందీగా పట్టుకున్నాడు. 1360 నాటి సంధిలో ఆ రాజు విడుదలకు 30 లక్షల బంగారు నాణేలు వెల కట్టారు. అయితే లిమోజ్ పట్టుబడ్డాక అక్కడి పౌరులను చంపిన దారుణాన్ని కూడా ఆ కీర్తి పక్కనే చెప్పుకోవాలి.

నల్ల కవచం ధరించేవాడు కాబట్టి సమకాలికులే ఆయనను ‘బ్లాక్ ప్రిన్స్’ అని పిలిచారని చాలామంది అనుకుంటారు. నిజానికి ఆ పేరు రాతల్లో కనిపించేది 16వ శతాబ్దం నుంచే. కాంటర్‌బరీ కేథడ్రల్‌లో ఆయన సమాధిపై చేతులు జోడించి పడుకుని ఉన్న లోహ విగ్రహం బంగారు పూతతో మెరుస్తుంది, నల్లగా ఉండదు.